ఓడ నెక్కిన వారి ఊరును, పేరును



మన ధర్మశాస్త్ర గ్రంథములు ద్విజులకు సముద్రయానమును కలివర్జ్యములలో నొకటిగా చెప్పినవి. అయినను ఆకలి శాస్త్రము నెరుగదు. ఆంధ్రదేశమునుండి సముద్రము దాటి వెళ్లిన కుటుంబములను గూర్చి నేడు కొంత విన్నవించెదను.

బ్రిటిషు సామ్రాజ్యమున బానిసల విముక్తికై 1833లో శాసనము పుట్టెను. చెరకుతోటల దొరలకు పనివారు కావలసివచ్చిరి. 1834 మొదలు మారిషసు ద్వీపమునకు మన దేశపు కూలీలు ఒడంబడికపై పోవసాగిరి. 'అగ్రిమెంటు' అను మాట వారి నోట 'గిరిమిట్' అయ్యెను. తెలుగువారిలో పెక్కురు గోదావరి ముఖమునందలి కోరంగి రేవున తెరచాప ఓడల నెక్కిరి. అందువలననే ఆ ద్వీపమున తెలుగువారిని 'కోరంగీలు' అనిరి. 1839 నవంబరులో ఘోరమైన తుపాను కోరంగిని ముంచెను. రేవునకు పూర్వవైభవము మరల రాలేదు. దాని పేరు మాత్రము పరదేశమున నిలిచెను.

తరువాత దక్షిణాఫ్రికాలోని నేటాలు పిలిచెను. 1860 అక్టోబరు 12న మదరాసున బయలుదేరిన 'ట్రూరో' అను ఓడ 342 మందితో నవంబరు 16న డర్బను చేరెను. గడువు ఐదేండ్లు, జీతము మొదట నెలకు 10 షిల్లింగులు. నూరుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలుండవలెనని నిబంధన. కావున ఆలుబిడ్డలతో వెళ్లగలిగినవారు కొందరే. తక్కినవారి ఇల్లు ఈ ఒడ్డుననే నిలిచిపోయెను. 1911 వరకు నేటాలునకు వెళ్లినవారు సుమారు 1,52,000.

పెన్నయొడ్డున నున్న మన తాడిపత్రికి సముద్రముతో నేమి పని యని మీ రడుగవచ్చును. మదరాసునుండి వచ్చు రైలుమార్గము మన తాడిపత్రి, గుత్తి మీదుగా 1871లో రాయచూరు చేరెను. 1876-78 మహాక్షామమున ఈ సీమ మిక్కిలి నలిగినది. అప్పటికి మనది బళ్లారి జిల్లా. అనంతపురము జిల్లా 1882లో నేర్పడెను. 1877లో కరవుపనుల కూలి దినమునకు ఒక పౌను ధాన్యమునకును స్వల్పమైన రొక్కమునకును తగ్గింపబడెను. పల్లెలు విడిచిన క్షామపీడితులు గుంపులుగుంపులుగా మదరాసు చేరిరి. ఆ నగరముననే విదేశములకు కూలీల నెక్కించు డిపోలుండెను.

ఓడ నెక్కినవానికి ఒక సంఖ్య నిచ్చిరి. అయినను పద్దు పుస్తకమున వాని పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, గ్రామము, జిల్లా వ్రాసికొనిరి. మారిషసులో మోకా యందలి మహాత్మా గాంధీ సంస్థలో ఆ పుస్తకములు భద్రముగా నున్నవి. మన యింటిపేరులు పెక్కు అచ్చట మాసిపోయినవి. పలువురకు 'నాయుడు', 'రెడ్డి' అనునవే యింటిపేరులైనవి.

1917లో ఈ కూలీల యెగుమతి నిలిచెను. 1920లో మిగిలిన ఒడంబడికలును రద్దయ్యెను. భాష మాత్రము తెగలేదు. దక్షిణాఫ్రికా తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. మారిషసులో ఉగాది నేటికిని ప్రభుత్వపు సెలవుదినము.

పెద్దలారా, ఆ మునిమనుమలు నేడు పద్దులోని గ్రామము పేరు పట్టుకొని మనయొద్దకు వచ్చుచున్నారు. వారియొద్ద ఊరి పేరున్నది, ఇంటిపేరు లేదు. కరవున పోయి మరలిరాని పినతాతనో, మేనత్తనో గూర్చి మీ యిండ్లలో వినికిడి యున్నచో దానిని కాగితముపై నుంచుడు. ఎవరు, ఎవరి కుమారుడు, ఏ కరవున వెడలినాడు అను మూడు ముక్కలు చాలును. ఆ యొడ్డున సగము చరిత్ర వ్రాతలో నున్నది. తక్కిన సగము మీ జ్ఞాపకముననే యున్నది. మీతరువాత దానిని చెప్పగలవా రుండరు.