రెండు దేనారముల పరిచర్య

మంచి సమరయుని కథను ఎరుగనివారు మన సంఘములలో లేరు. నూనెయు ద్రాక్షారసమును పోసి గాయములు కట్టిన ఆ చేతులను గూర్చి ఎన్నో ప్రసంగములు వింటిమి, మేమును చేసితిమి. కాని మరునాడు అతడు పూటకూళ్లవానికి ఇచ్చిన రెండు దేనారములను గూర్చి మాటలాడువారు తక్కువ. గాయము కట్టుట ఒక పరిచర్య. ఆ మీదటి ఖర్చు భరించుట మరియొక పరిచర్య. ఈ శతవార్షిక సంచికలో ఆ రెండవదానిని గూర్చి, అనగా నర్సు పని నేర్చుకొను పిల్లలకు దొరికిన ధనసహాయమును గూర్చి, నాలుగు మాటలు వ్రాయ తలంచితిమి.

పూర్వము నర్సు చదువు ఉచితముగా నడచినదని పెద్దలు చెప్పుదురు. చదివిన పిల్లకు ఉచితమే గాని, ఎవరో ఒకరు దానికి చెల్లించిరి. క్రిమియా యుద్ధకాలమున 1855లో ఇంగ్లండు ప్రజలు ఫ్లోరెన్సు నైటింగేలు పేరిట చందాలు వేసి ఒక నిధిని కూర్చిరి. ఆ నిధితో 1860లో లండనులోని సెయింటు థామసు ఆసుపత్రిలో నర్సుల పాఠశాల తెరువబడెను. చేరిన స్త్రీలకు బస, భోజనము, దుస్తులు గాక సంవత్సరమునకు 10 పౌనులు చేతిఖర్చునకు ఇచ్చిరి. అందుకు ప్రతిగా, నేర్చుకొనిన పిమ్మట కొంతకాలము ఆసుపత్రులలో పనిచేయవలెనని నియమము పెట్టిరి. సహాయము పొందినవారు సేవతో తీర్చుట అను పద్ధతి మన దేశమునకును వచ్చినది. 1885లో వైస్రాయి భార్య లేడీ డఫరిను పేరిట ఏర్పడిన నిధి, వైద్యము, నర్సింగు, మంత్రసానితనము నేర్చుకొను స్త్రీలకు ఉపకారవేతనములు ఇచ్చినది.

మిషను ఆసుపత్రులు ఈ పనిని తెలుగు నేలమీద ముందుకు నడిపినవి. 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు దొరసాని, 1898లో అచ్చట స్త్రీల ఆసుపత్రిని తెరచెను. పొరుగుననున్న వేలూరులో 1909లో నర్సుల పాఠశాల ఆరంభమై, 1946లో డిగ్రీ కళాశాలగా ఎదిగెను. మన ప్రక్కను చూడగా, గాండ్లపెంట ఉన్న కదిరి తాలూకా 1910 వరకు కడప జిల్లాలోనిదే. మదనపల్లెయు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు ఆ జిల్లాలోనే ఉండెను. ఆ మదనపల్లెలో ఆర్కాటు మిషనువారు మేరీ లాటు లైల్సు ఆసుపత్రిని స్థాపించిరి. దాని సమీపమున ఆరోగ్యవరము క్షయ ఆసుపత్రి 1915లో నెలకొనెను. దానిని ఒక్క మిషను గాక అనేక మిషనులు కలిసి పోషించిరి. పెద్ద భారమును పలువురు పంచుకొనిన మోయవచ్చునని చూపుటకు మనకు దూరపు సాక్ష్యము అక్కరలేదు.

ఆ దినములలో చాలా కుటుంబములు ఇతరుల గాయములను ముట్టు పనిని మైలగా తలంచి ఆడపిల్లలను పంపలేదు. బోర్డింగు బడులలో చదివిన బీద పిల్లలును, విధవరాండ్రును ముందుకు వచ్చిరి. వారు వార్డులో పనిచేయుచునే పాఠము నేర్చుకొనిరి. అన్నము, బస ఆసుపత్రి చూచుకొనెను. అయినను నర్సులు చాలలేదు. 1946లో భోరు కమిటీ లెక్కించినప్పుడు దేశములో 43,000 మందికి ఒక నర్సు మాత్రమే ఉండెను.

తరువాత కాలము మారెను. 1947లో నర్సింగు కౌన్సిలు చట్టము వచ్చి చదువునకు ఒక కట్టుబాటు ఏర్పడెను. విదేశపు మిషనుల ధనము క్రమముగా తగ్గెను. ఫీజు తీసికొను కళాశాలలు పెరిగెను. ప్రభుత్వము షెడ్యూల్డు కులముల విద్యార్థులకు 1944 నుండియే ఉపకారవేతనములు ఇచ్చుచున్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు చొప్పున క్రైస్తవులైనవారు ఆ కులముల జాబితాలోనికి రారు. మన రాష్ట్రమున వారు బి.సి.-సి వర్గముగా లెక్కింపబడుదురు. 2008లో ఫీజుల తిరుగు చెల్లింపు పథకము వచ్చినప్పుడు ఎందరో బీద తలిదండ్రులు ఊపిరి పీల్చుకొనిరి. అయితే తిరిగి చెల్లించు సొమ్ము వెనుక వచ్చును. హాస్టలు, పుస్తకములు, యూనిఫారము ముందే అడుగును.

ఇచ్చట మా తప్పును ఒప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట గాండ్లపెంట ప్రాంతమున ఇంటర్మీడియటు ముగించిన ఒక పిల్లకు వేరొక ఊరిలో నర్సింగు సీటు దొరికెను. మేము సిఫారసు ఉత్తరము వ్రాసి, ప్రార్థన చేసి పంపితిమి. మా వంతు తీరినదనుకొంటిమి. మూడు నెలలకు తల్లి వచ్చెను. “అయ్యగారూ, ఫీజు సర్కారు కడతాదంట. హాస్టలు దుడ్డు ముందే కట్టమంటే మా కాడ యాడుంది? ఈ తూరి చెనక్కాయ గూడా పోయె” అనెను. పిల్ల అప్పటికే చదువు మాని హిందూపురము వైపు బట్టలు కుట్టు కంపెనీలో చేరియుండెను. ఆ ఉత్తరపు నకలు నేటికిని మా ఫైలులో ఉన్నది. దానిలో మంచి మాటలన్నియు ఉన్నవి; ఒక్క రూపాయి లేదు.

ఆ కుటుంబమునకు లోటు వచ్చినది మొత్తము చదువు ఖర్చు కాదు, మొదటి కొన్ని నెలల ఖర్చు మాత్రమే. మన తల్లులు వంటకు ముందు పిడికెడు బియ్యము తీసిపెట్టి గుడులు కట్టించిరి. ఆ అలవాటు చచ్చిపోలేదు. కోతపండుగ కానుకలలో ఒక భాగమును ప్రత్యేకించి, పిల్లలు కళాశాలలలో చేరు వేళకు చేతికి అందునట్లు ఉంచిన చాలును. మన సంఘములనుండి వెళ్లి నర్సులై జీతములు తీసికొనుచున్న అక్కలను అడిగిన, తమ తొలి కష్టమును మరచినవారు ఉండరు. సహాయము పొందిన పిల్ల, ఉద్యోగము వచ్చిన తరువాత మరియొక పిల్లకు తోడుపడుదునని మాట ఇయ్యవలెను. కులమును, సంఘమును అడుగకూడదు. దారిలో పడియున్నవానిని సమరయుడు అడుగలేదు గదా.

అతడు రెండు దేనారములతో సరిపెట్టలేదు. ఇంకేమైన ఖర్చైన యెడల తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని చెప్పి వెళ్లెను. నూరేండ్ల లెక్కలు చూచుకొను ఈ వేళ, ఆ బాకీ పద్దు మన పుస్తకములలో ఇంకను తెరచియే ఉన్నదని మేము తలంచుచున్నాము.