మందు కల్లు మానిన మూడో రోజు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు దాకా ఒకే మహబూబ్‌నగర్ జిల్లా. పంజాబ్‌ను హెరాయిన్ పట్టుకుంటే, ఈ పల్లెలను పట్టుకున్నది కల్లు. చెట్టు కల్లు కాదు, మందు కల్లు.

ఈతకల్లు పొద్దెక్కితే పులుస్తుంది. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ. ఆ లోటును నీళ్లూ శాకరినూ పూడ్చాయి. నిషాకు క్లోరల్ హైడ్రేట్ దొరికింది. ఊళ్లో దాని పేరు సీహెచ్. 1832లో జర్మనీలో లీబిగ్ తయారుచేసిన ఈ రసాయనం 1869 నుంచి డాక్టర్ల చేతిలో నిద్రమందు. తర్వాత డైజిపాం, ఆపైన ఆల్ప్రాజోలం వచ్చాయి. ఆల్ప్రాజోలం బిళ్ల పావు మిల్లీగ్రాము నుంచే ఉంటుంది. అంటే కిలో పొడి నలభై లక్షల బిళ్లలకు సమానం! దాచడం ఎంత సులువో చెప్పాలా?

హెరాయిన్ మానితే ఒళ్లు నొప్పులు, వాంతులు, విరేచనాలు. నరకమే, కానీ మానడం వల్లనే ప్రాణం పోవడం అరుదు. ఆల్ప్రాజోలం సంగతి వేరు. మొదట నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి. ఆపైన ఫిట్స్. మూడో రోజుకు కొందరు దుప్పటి మీద లేని చీమలను ఏరుతూ, కన్నకొడుకునే ‘నువ్వెవరు’ అంటారు. గాలి సోకిందనుకోవడం తేలిక. ఎందుకంటే వాళ్ల లెక్కలో వాళ్లు తాగింది కల్లే. మందు ముట్టనే లేదు.

2015 సెప్టెంబరులో ఎక్సైజ్ దాడులతో మందు కల్లు ఆగింది. మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల ఆసుపత్రులు నిండాయి, కొందరు చనిపోయారు. సరుకు ఆపడమే చికిత్స అనుకుంటే జరిగేది ఇదే.

వైద్యం వినడానికి విడ్డూరంగా ఉంటుంది: అదే జాతి మందైన డైజిపాం ఇచ్చి, మోతాదు మెల్లగా తగ్గిస్తారు. ‘మళ్లీ మత్తేనా సారూ?’ అంటే, అవును, మత్తే. కాకపోతే ఆల్ప్రాజోలం ఒంట్లోంచి త్వరగా దిగిపోతుంది, డైజిపాం నిదానంగా. 1960లలో న్యూయార్క్‌లో డోల్, నైస్వాండర్ అనే డాక్టర్లు హెరాయిన్‌కు బదులు మెథడోన్ ఇచ్చిందీ ఇలాంటి ఆలోచనతోనే. ఇక్కడి చిక్కల్లా కొలత. ఎంత మందు పడిందో తాగినవాడికి తెలియదు. డాక్టరుకు ఉన్న ఆధారం ఒక్క ప్రశ్న: ‘రోజుకు ఎన్ని సీసాలు?’

2023 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్ ప్రభుత్వాసుపత్రికి మళ్లీ ఇలాంటివాళ్లే వచ్చారు. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో, 2024లో గద్వాలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఫిట్స్ వచ్చిన మనిషిని హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల దాకా మోసుకెళ్లే బాధ కొంతైనా తగ్గాలి. ఇంటికి పంపేటప్పుడు చేతికిచ్చే చీటీలో ‘పొద్దున అర, రాత్రి ఒకటి’ అని రాసి ఉంటుంది. బస్సు దిగి ఇంటికి నడిచే దారిలోనే కల్లు దుకాణం.