ప్రజానాట్యమండలి దశాపరిణామము: నందిగామ, జగ్గయ్యపేట సీమనుండి ఒక పరిశీలన

ఒక కవి జీవితమును వ్రాయుటకు ఆతని గ్రంథములున్నవి. ఒక మేళము జీవితమును వ్రాయుటకు అట్టి ఆధారములుండవు. ప్రదర్శనము ముగిసి దీపములార్పినంతనే దాని కృతి చూచినవారి జ్ఞాపకమున మాత్రమే మిగులును. ఈ కారణముననే మన సాహిత్య చరిత్రలలో మేళములకు, దళములకు, నాటక సమాజములకు లభించిన స్థానము మిక్కిలి స్వల్పము. ఇరువదవ శతాబ్ది మధ్యభాగమున తెలుగుదేశమును ఊరూర కదిలించిన ప్రజానాట్యమండలి విషయమున గూడ ఇట్లే జరిగినది. కొందరు దానిని రాజకీయ ప్రచార సాధనమని ఒక్క వాక్యమున తేల్చిరి. మరికొందరు చలనచిత్ర రంగమునకు నటులనిచ్చిన పాఠశాలయని ప్రశంసించిరి. ఈ రెండు మాటలలోను సత్యము కలదు. కాని మండలి ఎట్లు పుట్టినది, ఎట్లు పెరిగినది, ఎందుచేత చెదరిపోయినది అను ప్రశ్నలకు ఇవి సమాధానములు కావు. ఈ వ్యాసమున ఆ దశలను వరుసగా పరిశీలించి, అందు కృష్ణామండలపు మెట్టసీమయైన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల స్థానమును నిరూపించుటకు యత్నించెదను.

ముందుగా సీమ స్వరూపమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. కృష్ణా డెల్టా కాలువల నీరు ఈ ప్రాంతమునకు ఎక్కదు. మునియేరు, పాలేరు అను ఉపనదులే ఇచ్చట ప్రధానములు. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేర నిలిపిన జగ్గయ్యపేట, విజయవాడనుండి హైదరాబాదునకు పోవు మార్గమున, ఆనాటి మద్రాసు రాష్ట్రపు అంచున ఉండెను. అచ్చటినుండి కొన్ని మైళ్ళు దాటిన నిజాము రాజ్యము. అంతకంటె విశేషమైన సంగతి మునగాల పరగణాది. ఆ పరగణా నలువైపుల నిజాము గ్రామములచే చుట్టబడి యుండియు, పాలనలో కృష్ణామండలపు నందిగామ తాలూకాకు చేరియుండెను. అనగా నిజాము నేల నడుమ మద్రాసు రాష్ట్రపు ద్వీపమొకటి యుండెనని భావము. 1959లో అది నల్లగొండ జిల్లాలో చేర్చబడినది.

ఈ భౌగోళిక విశేషమునకు సాహిత్య చరిత్రలో ఫలము కలదు. నందిగామ తాలూకా పెనుగంచిప్రోలున 1877లో జన్మించిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు మునగాల సంస్థానమున దివానుగా నుండెను. ఆయనయు, మునగాల రాజా నాయని వెంకటరంగారావును తోడ్పడగా 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపితమైనది. పొలిమేరకు ఈవలి విద్య ఆవలి నగరమున గ్రంథాలయమైన ఉదాహరణమిది. నాలుగు దశాబ్దముల తరువాత ఈవలి రంగస్థలమునకు ఆవలి రైతుకథ వస్తువైనది. మొదటిదానిని మన చరిత్రకారులు విస్తరించి వ్రాసిరి. రెండవదానిని అంతగా పరిశీలింపలేదు.

ఇక మండలి జననము. 1943 మే నెలలో బొంబాయిలో భారత ప్రజానాట్య సంఘము ఏర్పడినది. ప్రపంచయుద్ధము, వంగదేశపు కరవు అందుకు నేపథ్యములు. బిజన్ భట్టాచార్య వ్రాసిన 'నబాన్న' నాటకము 1944లో కలకత్తాలో ఆ కరవును రంగస్థలమునకు తెచ్చినది. ఇంచుమించుగా అదే కాలమున బ్రిటనులో జోన్ లిటిల్‌వుడ్, యూవన్ మెకాల్ ప్రభృతులు 1945లో థియేటర్ వర్క్‌షాప్ అను సంచార సమాజమును నెలకొల్పి, శ్రామికులున్న ఊళ్ళకు నాటకమును మోసికొనిపోయిరి. తెలుగునాట 1943లోనే ప్రజానాట్యమండలి విజయవాడ కేంద్రముగా రూపొందినది. వైద్యవృత్తిలోనుండిన డాక్టరు గరికపాటి రాజారావు దానికి ప్రధాన నిర్మాత.

ఇతర ప్రాంతముల సమాజములకును మన మండలికిని ఒక భేదమును గుర్తింపవలెను. వంగదేశమున ఉద్యమమునకు నాటకము ముఖ్యవాహికయైనది. తెలుగునాట నాటకమునకంటె ముందు బుర్రకథ ఆ పని చేసినది. జంగము కథయనియు, తందాన కథయనియు పూర్వము వ్యవహరింపబడిన ఈ రూపమునకు కావలసిన పరికరములు అత్యల్పములు. నడుమ తంబుర ధరించిన కథకుడు. ఇరుప్రక్కల డక్కీలతో ఇద్దరు వంతలు. తెర లేదు, వేషము మార్పు లేదు, రంగసజ్జ లేదు. అరుగుమీదనైనను, బండిమీదనైనను, తిరునాళ్ళ సందడినైనను కథ సాగును. ఈ లాఘవము వలననే ఒక దళము ఒక రాత్రి ఒక ఊరను, మరునాటి రాత్రి మరియొక ఊరను ఆడగలిగినది.

పరికరముల లాఘవముకంటె ముఖ్యమైనది దాని కథనరచన. కథకుడు గతకాలపు వీరగాథను చెప్పుచుండగా ఒక వంత హాస్యము పలుకును, మరియొక వంత వర్తమాన రాజకీయమును వ్యాఖ్యానించును. ఒకే ప్రదర్శనమున పలనాటి వీరులును, ఊరి వడ్డీ వ్యాపారియు, చీటీల దుకాణమును కలిసి కనిపించుటకు ఇందు అవకాశము కలదు. పాతకథను విడువక కొత్తమాట చెప్పుటకు ఇంత అనువైన ప్రక్రియ మనకు వేరొకటి కానరాదు. సుంకర సత్యనారాయణ 'కష్టజీవి'ని బుర్రకథగా రచించి ఈ రూపమునకు నూతన వస్తువును సమకూర్చెను. దీనికి పరమోత్కర్షను కల్పించినవాడు షేక్ నాజర్. ఆయన 1920లో గుంటూరు మండలము పొన్నెకల్లున పేద దూదేకుల కుటుంబమున జన్మించెను. పల్నాటి యుద్ధము, బొబ్బిలి యుద్ధము, అల్లూరి సీతారామరాజు, బెంగాల్ కరవు ఆయన చెప్పిన కథలలో ప్రసిద్ధములు. చరిత్రయు, నాటి వార్తయు ఆయన కంఠమున ఒకే శ్రుతిలో పలికినవి.

స్త్రీలు బహిరంగ వేదికనెక్కుట నిందకు కారణమైన ఆ దినములలో మోటూరి ఉదయం నాయకత్వమున మహిళా బుర్రకథ దళము వెలసినది. కొండపల్లి కోటేశ్వరమ్మ తన ఆత్మకథయైన 'నిర్జన వారధి'లో ఆ కాలపు స్త్రీల సాంస్కృతిక జీవితమును చిత్రించెను. మండలి సాధించిన మార్పులలో ఇది లెక్కకు రావలసిన మొదటి మార్పు. కళాప్రక్రియ మారుటతోపాటు, దానిని చేపట్టదగిన వ్యక్తి యెవరను భావము గూడ అచ్చట మారినది.

మూడవ దశ నాటకములది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 'ముందడుగు'ను, పిదప 1947లో 'మాభూమి'ని రచించిరి. మొదటిది జమీందారీ గ్రామమున రైతుల ప్రతిఘటనను గూర్చినది. రెండవదాని వస్తువు నిజాము రాజ్యపు రైతు పోరాటము. విసునూరు దేశముఖుతో భూమికై వ్యాజ్యము నడపి గెలిచి, 1940లో హత్యకు గురియైన కామారెడ్డిగూడెపు షేక్ బందగీ కథ ఈ నాటకమునకు ప్రేరణమైనది. దీనిని నూటికి మించిన దళములు ప్రదర్శించినవని ఉద్యమ చరిత్రలు చెప్పుచున్నవి. ఒక నాటకమును ఒక సమాజము నూరుమారులాడుట వేరు; నూరు దళములు ఎవరికివారు నేర్చి ఆడుట వేరు. మొదటిది సమాజపు కీర్తి. రెండవది నాటకము జనుల సొత్తగుట.

ఇచ్చట ఒక ప్రశ్న ఉదయించును. నిజాము రైతును గూర్చిన నాటకము కృష్ణామండలమున ఎందుకు పుట్టినది? నిజాము ప్రభుత్వము అట్టి ప్రదర్శనమును సహించి యుండదనునది సులభమైన సమాధానము. అది నిజమే గాని చాలదు. దూరపు కష్టమును గూర్చి నాటకము వ్రాయవచ్చును. కాని దానిని చూచిన జనులు తమ కథగా గ్రహించుటకు పరిచయము కావలెను. ఆ పరిచయము సరిహద్దు తాలూకాలలో నిత్యజీవితమున భాగమైయుండెను. నందిగామ తాలూకాలోనిదే యైన మునగాల జమీందారీలో 1930 తరువాతి సంవత్సరములలో రైతులు వెట్టికిని, అక్రమ వసూళ్ళకును ఎదురు తిరిగియుండిరి. 1947, 48 సంవత్సరములలో రజాకార్ల దౌర్జన్యమునకు వెరచి అనేక కుటుంబములు పొలిమేర దాటి మద్రాసు రాష్ట్రపు గ్రామములలో తలదాచుకొనెను. హైదరాబాదు స్టేట్ కాంగ్రెసువారును, కమ్యూనిస్టులును సరిహద్దున శిబిరములు నడపిరి. అట్టి కాలమున జగ్గయ్యపేట వైపు ప్రేక్షకునకు 'మాభూమి'లోని దేశముఖు కల్పిత పాత్ర కాడు. ఏటి ఆవలి ఒడ్డుననున్న మనుష్యుడు. నాటకమునకు రచయితలు ప్రాణము పోసిరి. దానిని నమ్మిన ప్రేక్షకుని సరిహద్దు తయారుచేసినది. ఈ వ్యాసమున నేను ప్రతిపాదింపదలచిన ముఖ్యాంశమిదియే.

నాలుగవ దశ నిర్బంధము. 'ముందడుగు', 'మాభూమి' రెండును మద్రాసు ప్రభుత్వముచే నిషేధింపబడినవి. 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టము తెల్లదొరలు చేసినది. స్వాతంత్ర్యము వచ్చినను అది పోలేదు. 1948 నుండి కమ్యూనిస్టులపై సాగిన నిర్బంధములో కళాకారులు కొందరు చెరసాలల పాలైరి, కొందరు అజ్ఞాతవాసమున కేగిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరినది. 1951లో తెలంగాణ సాయుధ పోరాటము విరమింపబడినది. ఈ మూడేండ్లలో ఊరూర తిరుగు దళమునకు కావలసిన మూడు వస్తువులును, అనగా దారియు, వేదికయు, రాత్రి ఆతిథ్యమిచ్చు గృహమును, దుర్లభములైనవి. మండలి చెదరుటకు అభిరుచి మార్పును కారణముగా చెప్పువారు ఈ సంగతిని విస్మరింపరాదు.

అయిదవ దశ చలనచిత్రములది. గరికపాటి రాజారావు 1953లో 'పుట్టిల్లు' చిత్రమును నిర్మించి, దర్శకత్వము వహించి, నటించెను. జమున, అల్లు రామలింగయ్య ఆ చిత్రముతోనే వెండితెరకు పరిచితులైరి. చిత్రము ధనలాభము తేలేదు. 1954 నాటి 'అగ్గిరాముడు'లో నాజర్ బుర్రకథ లక్షలాది జనులకు చేరినది. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి, తాతినేని ప్రకాశరావు మొదలగువారు చిత్రరంగమున స్థిరపడిరి. యాదృచ్ఛికమే గాని గమనింపదగినది: బ్రిటనులో థియేటర్ వర్క్‌షాప్ వారును 1953లోనే సంచారము చాలించి లండను స్ట్రాట్‌ఫర్డ్‌లోని నాటకశాలలో స్థిరపడిరి. యూవన్ మెకాల్ ఆ మార్పునొల్లక వేరుపడి జానపద గేయోద్యమమునకు మరలెను. తిరుగుట మాని ఒకచోట నిలిచినప్పుడు సమాజమునకు ప్రసిద్ధి పెరుగును, ప్రేక్షకుడు మారును. అచ్చటను ఇచ్చటను జరిగినది ఇదియే.

అయినను చిత్రరంగమునకు పోయినవారిని నిందించుట న్యాయము కాదు. నిషేధము వేదికను తొలగించిన పిమ్మట నటునకు జీవనము కావలెను. మిక్కిలినేని ఆ రంగముననే యుండి 'తెలుగువారి జానపద కళారూపాలు' అను బృహద్గ్రంథమును మనకొసగెను. నాజర్ 1986లో పద్మశ్రీ పురస్కారము పొంది, 1997లో మరణించువరకు బుర్రకథను విడువలేదు. ఆయన ఆత్మకథ 'పింజారి' ఈ రంగపు పరిశోధకులకు తప్పనిసరి పఠనీయము.

నామసామ్యము వలన కలుగు ఒక భ్రాంతిని గూడ తొలగింపవలెను. గౌతమ్ ఘోష్ దర్శకత్వమున బి. నర్సింగరావు నిర్మింపగా 1980లో విడుదలైన 'మాభూమి' చిత్రము ఈ నాటకమునకు రూపాంతరము కాదు. దానికి మూలము కిషన్ చందర్ ఉర్దూ నవల. సుద్దాల హనుమంతు గేయము అందు వినిపించును. నాటకమును చూడని తరమువారు చిత్రమునే చూచి, నాటకము ఎరిగినట్లు వ్రాయుచున్నారు. పేరు ఒకటియైనంత మాత్రమున కృతి ఒకటి కాదు.

ఈ పరిశీలన వలన తేలిన అంశము నేటికి మరింత అవసరమైనది. 2014లో రాష్ట్రము రెండైనది. నేడు మునగాల తెలంగాణమున సూర్యాపేట జిల్లాలోను, నందిగామ, జగ్గయ్యపేటలు ఆంధ్రప్రదేశమున 2022లో ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలోను ఉన్నవి. పాత పొలిమేరకు సమీపముననే పొలిమేర మరల వెలసినది. దానితోపాటు సాహిత్య చరిత్రలను గూడ రెండుగా విభజించి వ్రాయు అలవాటు ప్రబలుచున్నది. అట్లు విభజించినచో 'మాభూమి' ఎవరిది? రచయితలనుబట్టి ఆంధ్రమందురా, వస్తువునుబట్టి తెలంగాణమందురా? ఏ భాగమున చేర్చినను రెండవ సగము తెగిపోవును. ఆ నాటకము ఈవలి ఒడ్డుదియు కాదు, ఆవలి ఒడ్డుదియు కాదు. ఏరు దాటి రాకపోకలు సాగించిన జనులది.

కావున పరిశోధక విద్యార్థులకు ఒక విన్నపము. మండలి చరిత్రను ప్రసిద్ధ నటుల పేరులతో ఆరంభింపకుడు. నందిగామ, జగ్గయ్యపేట, మధిర, కోదాడ ప్రాంతముల ఒక్కొక్క గ్రామమునకు పోయి, ఏ దళము వచ్చినది, ఏ అరుగుపై ఆడినది, తంబుర ఎవరి ఇంట నుండెను, వంతగా నిలిచినదెవరు అని విచారింపుడు. నాడు పదియేండ్ల బాలురుగా చూచినవారు నేడు తొంబదియేండ్ల వృద్ధులు. గ్రంథాలయమునకు రేపు పోవచ్చును. ఆ గడపకు మాత్రము నేడే పోవలెను.