ఆరిపోయిన లైట్ చెప్పిన అబద్ధం: త్రీ మైల్ ఐలాండ్ నైట్ షిఫ్ట్ కథ

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క నైట్ షిఫ్ట్ గురించి మాట్లాడుకుందాం. 1979 మార్చి 28, తెల్లవారుజామున 4 గంటలు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, సస్క్వెహానా నది మధ్యలో ఒక లంక. ఆ లంక పేరు త్రీ మైల్ ఐలాండ్. అక్కడ రెండు అణు రియాక్టర్లు ఉన్నాయి. అందులో రెండో యూనిట్ కరెంటు అమ్మడం మొదలుపెట్టి అప్పటికి దాదాపు మూడు నెలలే అయింది.

అణు ప్రమాదం అనగానే మనందరికీ చెర్నోబిల్, ఫుకుషిమా గుర్తొస్తాయి. ఈ కథలో అలాంటి పెద్ద పేలుడు లేదు, సునామీ లేదు. ఇరుక్కుపోయిన ఒక వాల్వ్, దాని గురించి తప్పుగా చెప్పిన ఒక లైట్, దాన్ని నమ్మిన నలుగురు అనుభవజ్ఞులు. అంతే. నేను ఈ కథ ఎందుకు ఎంచుకున్నానంటే, షిఫ్ట్ సూపర్‌వైజర్ అనే ఉద్యోగం అసలు దేనికోసం ఉందో ఇది చెప్పినంత బాగా ఇంకే కథా చెప్పదు.

మన ఇళ్లల్లో షిఫ్ట్ అంటే తెలియనివాళ్లు తక్కువ. విశాఖ స్టీల్ ప్లాంట్, రామగుండం ఎన్టీపీసీ, సింగరేణి గనులు, ఎక్కడైనా సరే, రిలీవర్ వచ్చేదాకా కుర్చీ వదలకూడదు. అణు కేంద్రంలోనూ అంతే. మన దేశంలో ఆ కుర్చీలో కూర్చునే ఆయన్ని షిఫ్ట్ చార్జ్ ఇంజనీర్ అంటారు, అమెరికాలో షిఫ్ట్ సూపర్‌వైజర్ అంటారు. ఆయన బటన్లు నొక్కడు. నొక్కేవాళ్లు వేరే ఉంటారు, వాళ్లను ఆపరేటర్లు అంటారు. మరి ఈయన పనేంటి? ఈ ప్రశ్నను మనసులో పెట్టుకోండి.

ఆ రాత్రి షిఫ్ట్ 11 నుంచి ఉదయం 7 వరకు. రెండు యూనిట్లకూ కలిపి షిఫ్ట్ సూపర్‌వైజర్ విలియం జ్యూ. కంట్రోల్ రూమ్ వెనకున్న చిన్న అద్దాల గదిలో కూర్చుని పని చేసుకుంటున్నాడు. ప్యానెళ్ల ముందు ఇద్దరు ఆపరేటర్లు, ఎడ్వర్డ్ ఫ్రెడరిక్, క్రెయిగ్ ఫౌస్ట్. షిఫ్ట్ ఫోర్‌మన్ ఫ్రెడ్ షీమన్ కింద టర్బైన్ బిల్డింగ్‌లో, నీటిని శుద్ధి చేసే పరికరంలో ఏదో అడ్డుపడితే దాన్ని తీయించే పనిలో ఉన్నాడు. నలుగురూ అమెరికా నేవీ అణు విభాగంలో పనిచేసి వచ్చినవాళ్లే. అంటే అనుభవం లేనివాళ్లు కాదు. ఇది ముఖ్యం.

4 గంటలు దాటిన 37 సెకన్లకు, స్టీమ్ జనరేటర్లకు నీళ్లు పంపే పంపులు ఆగిపోయాయి. వెంటనే టర్బైన్ ఆగింది. రియాక్టర్‌లో వేడి, ప్రెషర్ పెరిగాయి. ప్రెషర్ తగ్గించడానికి పైనున్న రిలీఫ్ వాల్వ్ తనంతట తానే తెరుచుకుంది. మన కుక్కర్ విజిల్ లాంటిదే అది. 8 సెకన్లకు రియాక్టర్ కూడా ఆగిపోయింది. ఇక్కడిదాకా మెషీన్ చేయాల్సింది చేసింది.

అయితే ఒక మాట. రియాక్టర్ ఆగిందంటే వేడి ఆగినట్టు కాదు. పొయ్యి ఆర్పినా నిప్పులు చాలాసేపు కణకణలాడుతుంటాయి కదా, అలాగే ఇంధనంలో మిగిలిన వేడి ఉంటుంది. ఆపిన వెంటనే అది మామూలు పవర్‌లో 6 శాతం పైనే. దాన్ని నీళ్లతో చల్లబరుస్తూనే ఉండాలి, గంటలూ, రోజులూ.

ప్రెషర్ తగ్గగానే, సుమారు 13వ సెకనుకి, ఆ రిలీఫ్ వాల్వ్ మూసుకోవాలి. మూసుకోలేదు, తెరుచుకునే ఇరుక్కుపోయింది. కానీ ప్యానెల్ మీద దాని లైట్ ఆరిపోయింది. లైట్ ఆరిందంటే వాల్వ్ మూసుకుందనే కదా అర్థం? కాదు. ఆ లైట్ వాల్వ్‌ను చూసి వెలగదు. వాల్వ్‌కి పంపిన ఆర్డర్‌ను బట్టి వెలుగుతుంది, ఆరుతుంది. మీరు వాట్సాప్‌లో మెసేజ్ పంపితే ఒక్క టిక్ పడుతుంది చూడండి. అంటే మన వైపు నుంచి వెళ్లింది అని, అంతే. అవతలివాళ్లు చదివారని కాదు. కంట్రోల్ రూమ్‌లో వీళ్లకు కనిపించింది ఒక్క టిక్. వీళ్లు దాన్ని బ్లూ టిక్ అనుకున్నారు.

అప్పుడు మొదలైంది అసలు గొడవ. నిమిషాల్లో వందకు పైగా అలారాలు. ఒకేసారి మోత, మెరుపులు. అలారాలను కాగితం మీద అచ్చేసే ప్రింటర్ వెనకబడిపోయింది, ఎప్పుడో జరిగినవాటిని తాపీగా కొడుతూ కూర్చుంది. ఆ అలారం ప్యానెల్‌ను పీకి అవతల పారేయాలనిపించిందని ఫౌస్ట్ తర్వాత విచారణలో చెప్పాడు.

దీనికి తోడు ఇంకోటి. అత్యవసరంగా నీళ్లు పంపే లైన్లలో రెండు వాల్వ్‌లు మూసి ఉన్నాయి. అవి తెరిచి ఉండాలి. వాటి లైట్లలో ఒకదాన్ని మెయింటెనెన్స్ ట్యాగ్ ఒకటి కప్పేసింది. ఎనిమిదో నిమిషంలో ఫౌస్ట్ అది చూసి తెరిచాడు. కానీ ఆ ఎనిమిది నిమిషాలూ అందరి బుర్రా అటే తిరిగిపోయింది.

ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమైన ఘట్టం. రెండో నిమిషంలో ఎమర్జెన్సీ పంపులు తమంతట తామే ఆన్ అయి, రియాక్టర్‌లోకి నీళ్లు కొట్టడం మొదలుపెట్టాయి. అది సరైన పని. నాలుగైదు నిమిషాలకే ఆపరేటర్లు వాటిని బాగా తగ్గించేశారు. ఎందుకు? ప్రెషరైజర్ అనే ట్యాంకులో నీటిమట్టం పెరుగుతూ కనిపించింది. ఆ ట్యాంకు పూర్తిగా నిండిపోకూడదని వాళ్లకు ట్రైనింగ్‌లో నూరిపోశారు. అందుకే నీళ్లు ఎక్కువయ్యాయి అనుకున్నారు.

పాలు పొంగడం చూశారు కదా? గిన్నెలో మట్టం పైకి వస్తుంది, కానీ పాలు పెరిగినట్టా? కాదు కదా. ఇక్కడా దాదాపు అదే. పైన వాల్వ్ తెరిచి ఉండటం వల్ల ప్రెషర్ పడిపోయి, లోపల నీరు ఆవిరి బుడగలుగా మారి, మిగతా నీటిని ఆ ట్యాంకులోకి నెట్టింది. మట్టం పెరిగింది, నీళ్లు మాత్రం తగ్గిపోతున్నాయి. ప్రెషర్ ఒకటి చెబుతోంది, మట్టం ఇంకొకటి చెబుతోంది. వాళ్లు ట్రైనింగ్‌లో నేర్చుకున్నదాన్నే నమ్మారు.

మరి షిఫ్ట్ సూపర్‌వైజర్ ఏం చేశాడు? జ్యూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. వాల్వ్ మీద ఆయనకూ అనుమానం వచ్చింది. వాల్వ్ తర్వాతి పైపు టెంపరేచర్ ఎంతుందో చదవమన్నాడు. 200 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటే వాల్వ్ తెరిచి ఉన్నట్టేనని ప్రొసీజర్‌లో రాసి ఉంది. మీటర్ 200 దాటే చూపించింది. అయినా ఆ లెక్క పక్కకు పోయింది. ఎందుకంటే ఆ వాల్వ్ అంతకుముందు నుంచే కొద్దికొద్దిగా లీకవుతోంది, ఆ పైపు ఎప్పుడూ వేడిగానే ఉంటోంది. ‘అది మామూలే’ అనుకున్నారు. ఫ్రెండ్స్, ఏ ప్లాంట్‌లోనైనా అన్నింటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే: అది మామూలే.

గంట గడిచింది. రియాక్టర్ పంపులు అదిరిపోవడం మొదలైంది, నీటిలో ఆవిరి కలిసిపోయింది కాబట్టి. పాడైపోతాయని 5:14కి రెండు, 5:41కి మిగతా రెండు ఆపేశారు. అప్పటిదాకా ఆ నీరూ ఆవిరీ కలిసిన మిశ్రమమే ఎలాగోలా ఇంధనాన్ని చల్లబరుస్తూ వచ్చింది. అదీ ఆగిపోయింది. కాసేపటికి ఇంధన కడ్డీల పైభాగం నీటి నుంచి బయటపడింది.

తెల్లవారుతుండగా, తర్వాతి షిఫ్ట్ సూపర్‌వైజర్ బ్రయాన్ మెహ్లర్ కంట్రోల్ రూమ్‌లోకి వచ్చాడు. ఆయన ఈ రెండు గంటలూ ఆ అలారాల మధ్య లేడు. ఏ నిర్ణయమూ ఆయన తీసుకున్నది కాదు కాబట్టి, దేన్నీ వెనకేసుకురావాల్సిన పని ఆయనకు లేదు. అవే మీటర్లు చూశాడు. రిలీఫ్ వాల్వ్‌తో పాటు అదే లైన్‌లో ఉండే బ్లాక్ వాల్వ్‌ను మూయమన్నాడు. 6:22కి మూశారు. ప్రెషర్ పెరగడం మొదలైంది. అంటే అన్నాళ్లూ కాదు, అన్ని గంటలూ నీళ్లు పోయింది అక్కడి నుంచే. 2 గంటల 22 నిమిషాల్లో దాదాపు 32,000 గ్యాలన్లు, అంటే సుమారు 1 లక్షా 20 వేల లీటర్లు. మొత్తంలో మూడో వంతు కన్నా ఎక్కువ.

మెహ్లర్ వీళ్లకన్నా తెలివైనవాడు కాబట్టి పట్టుకున్నాడా? నాకలా అనిపించదు. జ్యూకి తెలిసినవే ఆయనకూ తెలుసు. తేడా అంతా ఎక్కడ నిలబడి చూశారన్నదే. జ్యూ గొడవ లోపల ఉన్నాడు, మెహ్లర్ గుమ్మం దగ్గర నుంచి చూశాడు. ఇందాకటి ప్రశ్నకు నా సమాధానం ఇదే. షిఫ్ట్ సూపర్‌వైజర్ పని ఒక అడుగు వెనక్కి నిలబడి, ‘మనం అనుకుంటున్నదే తప్పయితే?’ అని అడగడం. ఆ రాత్రి ఆయన్ను అలా నిలబడనిచ్చే ఏర్పాటు ఏదీ లేదు.

అప్పటికే ఆలస్యమైపోయింది. ఎంత నీరు పోయిందో వెంటనే ఎవరికీ అర్థం కాలేదు. 7:24కి జనరల్ ఎమర్జెన్సీ ప్రకటించారు. లోపల దాదాపు సగం ఇంధనం కరిగిపోయిందని కొన్నేళ్ల తర్వాత గానీ తెలియలేదు. అదృష్టం, రియాక్టర్ పాత్ర, దాని చుట్టూ ఉన్న కాంక్రీటు గోడలు నిలబడ్డాయి. బయటికి వచ్చిన రేడియేషన్ తక్కువే. కానీ భయం మాత్రం పెద్దది. లక్షకు పైగా జనం ఇళ్లు వదిలి వెళ్లారు. శుభ్రం చేయడానికి 1993 దాకా పట్టింది, దాదాపు వంద కోట్ల డాలర్లు ఖర్చయింది.

తప్పు ఎవరిది? అధ్యక్షుడు కార్టర్ వేసిన కమిషన్‌కు అధిపతి జాన్ కెమెనీ. కంప్యూటర్లు చదివినవాళ్లకు ఈ పేరు తెలిసే ఉంటుంది, బేసిక్ లాంగ్వేజ్ తయారుచేసిన ఇద్దరిలో ఒకరు. ఆపరేటర్లు పొరపాట్లు చేశారని ఆయన రిపోర్ట్ దాచలేదు. కానీ అంతటితో ఆగలేదు. వాళ్లకిచ్చిన ట్రైనింగ్, చేతికిచ్చిన ప్రొసీజర్లు, ఆ కంట్రోల్ రూమ్ డిజైన్, వీటన్నింటినీ బోనెక్కించింది.

నన్ను అన్నింటికన్నా కుదిపేసింది ఆ విచారణలో బయటపడిన ఇంకో సంగతి. 1977 సెప్టెంబర్ 24న ఒహాయోలోని డేవిస్-బెస్సె ప్లాంట్‌లో అచ్చం ఇదే జరిగింది. అదే కంపెనీ రియాక్టర్, అలాగే ఇరుక్కున్న రిలీఫ్ వాల్వ్, అలాగే తప్పుదారి పట్టించిన నీటిమట్టం. అక్కడి షిఫ్ట్ సుమారు 20 నిమిషాల్లో పట్టుకుని బ్లాక్ వాల్వ్ మూసేసింది. పైగా రియాక్టర్ 9 శాతం పవర్ మీదే నడుస్తోంది. అందుకే ఏమీ కాలేదు. ఆ తర్వాత 1978 ఫిబ్రవరిలో, రియాక్టర్ తయారుచేసిన కంపెనీలోనే బర్ట్ డన్ అనే ఇంజనీర్ మెమో రాశాడు: ఆపరేటర్లు ఇలా తొందరపడి నీళ్లు తగ్గించకుండా స్పష్టంగా చెప్పాలి అని. ఆ మెమో ఆఫీసుల్లోనే తిరిగింది. ప్రమాదం జరిగేదాకా ప్లాంట్లకు చేరలేదు.

షిఫ్ట్ మారేటప్పుడు లాగ్ బుక్ చేతికిచ్చి, ‘ఇదిగో, ఇది జాగ్రత్త’ అని చెప్పి వెళ్తాం కదా. ఒహాయోలో ఒక షిఫ్ట్ నేర్చుకున్నది పెన్సిల్వేనియా షిఫ్ట్‌కు ఎవరూ చెప్పలేదు. నా దృష్టిలో అణు చరిత్రలో అతి ఖరీదైన హ్యాండోవర్ వైఫల్యం అదే.

ఆ తర్వాతి మార్పులన్నీ ఈ రెండు ఖాళీలనూ పూడ్చడానికి వచ్చినవే. ప్రతి షిఫ్ట్‌లో షిఫ్ట్ టెక్నికల్ అడ్వైజర్ అనే ఇంజనీర్‌ను పెట్టారు. ఆయన ప్యానెల్ ముట్టుకోడు, దూరం నుంచి చూసి ఆలోచించడమే పని. అంటే ప్రతి రాత్రీ మొదటి నిమిషం నుంచే ఒక మెహ్లర్ ఉంటాడన్నమాట. ఒక ప్లాంట్ అనుభవం మిగతావాటికి చేరడానికి 1979లోనే ఇన్‌పో అనే సంస్థ పెట్టారు. వాల్వ్ నిజంగా ఎక్కడుందో చూపించే ఇండికేటర్లు వచ్చాయి.

ఇక మన దేశం సంగతి. 1993 మార్చి 31, తెల్లవారుజామున మూడున్నర ప్రాంతం. ఉత్తరప్రదేశ్‌లో గంగ ఒడ్డున నరోరా అణు కేంద్రం. టర్బైన్ బ్లేడ్లు విరిగాయి, హైడ్రోజన్ లీకై మంటలు లేచాయి, కేబుళ్లు కాలిపోయాయి. బ్యాకప్‌తో సహా కరెంటు మొత్తం పోయింది, 17 గంటలపాటు. పొగ కమ్మేసి కంట్రోల్ రూమ్ వదిలి బయటికి రావాల్సి వచ్చింది. అయితే అప్పటికే, బ్లేడ్లు విరిగిన 39 సెకన్లకే, ఆపరేటర్లు తమ చేత్తో రియాక్టర్‌ను ఆపేశారు. తర్వాత టార్చిలైట్లు పట్టుకుని రియాక్టర్ బిల్డింగ్ పైకెక్కి, చైన్ రియాక్షన్ మళ్లీ మొదలవకుండా బోరాన్ ద్రావణం వదిలే వాల్వ్‌లు చేత్తో తిప్పారు. మంటలార్పడానికి ఉంచిన డీజిల్ పంపులతో స్టీమ్ జనరేటర్లకు నీళ్లు కొట్టారు. రేడియేషన్ బయటికి రాలేదు.

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. త్రీ మైల్ ఐలాండ్‌లో కరెంటు ఉంది, పంపులున్నాయి, నీళ్లున్నాయి. నమ్మకం ఒక్కటే తప్పు. నరోరాలో చీకటి తప్ప ఏమీ లేదు. నమ్మడానికి మీటర్లు కూడా లేవు. మిగిలింది ఒకటే మూలసూత్రం: వేడి ఉంది, నీళ్లు వెళ్లాలి. దాన్నే పట్టుకున్నారు, గట్టెక్కారు.

ఇదంతా పాత కథ అనుకోకండి. త్రీ మైల్ ఐలాండ్ ఒకటో యూనిట్ 2019 దాకా నడిచింది. దాన్ని మళ్లీ తెరవడానికి 2024 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందం ప్రకటించారు, డేటా సెంటర్ల కరెంటు అవసరం కోసం. అంటే మనం ఏఐని అడిగే ప్రశ్నలకు కావాల్సిన కరెంటు వెనక అదే లంకలో మళ్లీ ఒక నైట్ షిఫ్ట్ కూర్చోబోతోంది. మన అణు కేంద్రాలకు ఇంధనం చేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, కంట్రోల్ పరికరాలు చేసే ఈసీఐఎల్ ఉన్నది మన హైదరాబాద్‌లోనే. ఇది చూస్తున్నవాళ్లలో రేపు ఆ కుర్చీలో కూర్చునేవాళ్లు ఉండొచ్చు, ఆ కుర్చీ ముందుండే లైట్‌ను డిజైన్ చేసేవాళ్లూ ఉండొచ్చు. డిజైన్ చేసేటప్పుడు ఒక్కటి చూసుకోండి: ఆ లైట్ జరిగింది చెబుతోందా, జరగమని మనం చెప్పింది చెబుతోందా?

ఈ రోజుకి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. నమస్తే.