దుమ్ముండకు ఆరు కాళ్ళు

మంచం కింద నాలుగు రోజులు చీపురు తగలకపోతే దుమ్మూ, వెంట్రుకలూ, నూలుపోగులూ కలిసి ఉండకడతాయి కదా, అమెరికా వాళ్ళు దాన్ని ముద్దుగా 'డస్ట్ బన్నీ' అంటారు. దుమ్ము కుందేలన్నమాట. జేన్ కాసిల్ అనే రచయిత్రి ఆ ఉండకి ఆరు కాళ్ళూ నాలుగు కళ్ళూ పెట్టి, 2000లో 'ఆఫ్టర్ డార్క్' అనే నవల్లోకి వదిలింది. దాని పేరు ఫజ్. భవిష్యత్తులో, హార్మనీ అనే గ్రహం మీద, అతీంద్రియ శక్తులున్న మనుషుల మధ్య నడిచే ప్రేమకథ ఇది. చదివినవాళ్ళని అడగండి, హీరో పేరు మర్చిపోయినా ఫజ్‌ని మర్చిపోరు. ఆ ముద్దొచ్చే జీవి వెనక కొంత సాహిత్య చరిత్ర ఉంది.

సైన్స్ ఫిక్షన్‌లో మనిషికి తోడుండే జంతువు కొత్తేం కాదు. 1959లో ఆండ్రే నార్టన్ 'బీస్ట్ మాస్టర్' రాసింది. అందులో హీరోకీ అతని జంతువులకీ మనసుతో మాట్లాడుకునేంత చనువు. 1968లో ఆన్ మెకాఫ్రీ 'డ్రాగన్‌ఫ్లైట్' వచ్చింది. లెస్సా అనే అమ్మాయికీ రామోత్ అనే రాణి డ్రాగన్‌కీ విడదీయరాని బంధం. కానీ అక్కడో చిక్కుంది. రామోత్ ఏ మగ డ్రాగన్‌తో జతకడితే, దాని రౌతుతోనే లెస్సా కలవాలి. జంతువు కోరిక మనిషిని లాక్కుపోతుంది. లెస్సాని ఎవరూ అడగరు. కథ ఎంత గొప్పగా ఉన్నా, ఈ ముల్లు ఇవాళ్టి పాఠకురాలికి గుచ్చుకుంటుంది.

ఇక ప్రేమ నవలల వైపు చూద్దాం. జేన్ కాసిల్, జేన్ ఆన్ క్రెంట్జ్ ఒకరే. 1948లో పుట్టింది. చరిత్ర, లైబ్రరీ సైన్స్ చదివి లైబ్రేరియన్‌గా పనిచేసింది. 1986లోనే 'స్వీట్ స్టార్‌ఫైర్' అని అంతరిక్షంలో ప్రేమకథ రాసింది. అందులో ఫ్రెడ్ అనే పెంపుడు జీవి అచ్చం పాత తివాచీ ముక్కలా ఉంటుంది. ముందు తివాచీ, తర్వాత దుమ్ముండ! ఈవిడకి వింతజీవులు ఇల్లు ఊడుస్తుంటే తడతాయేమో. ఒక తేడా మాత్రం గమనించాలి. ఫ్రెడ్ హీరోగారి జంతువు. ఫజ్ హీరోయిన్ది.

ఆ తేడాలోనే అసలు సంగతంతా ఉంది. 'ఆఫ్టర్ డార్క్'లో లిడియా స్మిత్ భూగర్భ శిథిలాల్లో దారితప్పి, జ్ఞాపకాన్నీ ఉద్యోగాన్నీ పోగొట్టుకున్న పురావస్తు నిపుణురాలు. ఆమె శక్తులు దెబ్బతిన్నాయని తోటివాళ్ళే తేల్చేశారు. ఆమె మాటకి విలువలేదు. అలాంటి సమయంలో ఎమ్మెట్ లండన్ వస్తాడు. ఒకప్పుడు పెద్ద ముఠాలాంటి గిల్డ్‌కి నాయకుడు. నమ్మొచ్చా? పైగా ఆ గ్రహంలో పెళ్ళి ఆషామాషీ కాదు. భూమితో సంబంధం తెగిపోయినప్పుడు, సమాజం చెదిరిపోతుందన్న భయంతో మొదటి తరం వాళ్ళు కఠినమైన చట్టాలు చేశారు. తాత్కాలిక పెళ్ళి ఒకటుంది, విడిపోవడం దాదాపు అసాధ్యమైన శాశ్వత వివాహం ఒకటుంది. పొరపాటు చేస్తే జీవితకాలం మొయ్యాలి. ఈ బెంగ మనకి పరాయిదేం కాదు.

ఇక్కడే ఫజ్ పనికొస్తాడు. ప్రమాదం లేనప్పుడు రెండు నీలి కళ్ళతో చూస్తుంటాడు. వేట వాసన తగిలితే మిగతా రెండు కళ్ళూ తెరుచుకుంటాయి, బొచ్చు అణిగిపోతుంది, పళ్ళు బయటపడతాయి. వచ్చినవాడు ఎలాంటివాడో లిడియాకి ఇదొక ఆనవాలు. కానీ నిర్ణయం ఆమెదే. రామోత్‌లా ఫజ్ లాక్కుపోడు, పక్కన సాక్షిగా ఉంటాడంతే. ప్రేమ నవలలో జంతువు పాత్ర ఇంత దూరం నడిచి రావడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

మన హంసల్ని తలుచుకుంటే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. పింగళి సూరన 'ప్రభావతీ ప్రద్యుమ్నము'లో శుచిముఖి ఎంత చక్కని మాటకారి! ప్రద్యుమ్నుణ్ణి వర్ణించి ప్రభావతి మనసు గెలిపిస్తుంది. అయితే ఆ హంసల్ని పంపినవాడు ఇంద్రుడు. ఈ పెళ్ళి ద్వారా ప్రభావతి తండ్రి వజ్రనాభుణ్ణి చంపించాలన్నది ఆయన పథకం. అంటే పెళ్ళిళ్ళ పేరయ్య వెనక ఇంకో లెక్క ఉంది. ఫజ్‌కి మాటలు రావు, వెనక ఏ ఇంద్రుడూ లేడు. అందుకే అతని సాక్ష్యానికి అంత బరువు.

ఈ నవలల్లో లోపాలు లేవని కాదు. కథలు ఒకే అచ్చులోంచి వస్తాయి, పదో పుస్తకానికొచ్చేసరికి ముగింపు ముందే తెలిసిపోతుంది. ప్రేమ నవలల్ని చులకన చేసేవాళ్ళకి జవాబుగా క్రెంట్జ్ 1992లో తోటి రచయిత్రులతో వ్యాసాలు రాయించి 'డేంజరస్ మెన్ అండ్ అడ్వెంచరస్ విమెన్' అనే సంకలనం తెచ్చింది, అదీ ఒక యూనివర్సిటీ ప్రెస్ ద్వారా. ఆ వాదన ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. ఎవరూ నమ్మని ఒక ఆడమనిషి మాటని ఒక దుమ్ముండ నమ్మింది. ఆ సంతోషం కోసమైనా 'ఆఫ్టర్ డార్క్' ఒకసారి చదవొచ్చు.