దక్కను గుమ్మటములు: పాఠక్రమము, అర్థక్రమము

కర్మానుష్ఠానమున ఏది ముందు, ఏది వెనుక యని సందేహము కలిగినపుడు మీమాంసకులు క్రమనిర్ణయమునకు ఆఱు ప్రమాణములను చెప్పియున్నారు. శ్రుతి, అర్థము, పాఠము, స్థానము, ముఖ్యము, ప్రవృత్తి యని వాని పేర్లు. వీనిలో ముందుది వెనుకటి దానికంటె బలవత్తరము. వేదమున అగ్నిహోత్రహోమము ముందును, యవాగువును వండుట పిదపను పఠింపబడినవి. అయినను వండనిదే హోమద్రవ్యము లేదు గనుక అర్థక్రమము పాఠక్రమమును బాధించుచున్నది, పాకమే ముందగుచున్నది. ఈ పత్రిక చదువరులకు క్రొత్తది కాని యీ న్యాయమును ఇచట తలంచుటకు కారణము, ఇటీవల నేనొక బృందముతో గూడి చేసిన దక్కను ఇస్లామీయ వాస్తుయాత్ర.

ఇట్టి యాత్రలిప్పుడు సాధారణములు. ఇరువది ముప్పదిమంది యొక బస్సున గూర్చుందురు. దారి చూపి కథ చెప్పు గైడు వెంట నుండును. మొదటినాడు చార్మినారు, గోలకొండకోట, కుతుబుషాహీ సమాధులు, రెండవనాడు బీదరు, మూడవనాడు గుల్బర్గా, అనగా నేటి కలబురిగి, పిదప తిరుగుప్రయాణము. హైదరాబాదునుండి బయలుదేరువారికి ఇది సుకరమైన మార్గమే. బస దొరకుట, వాహనము నడచుట, వెలుతురుండగా చేరుట మున్నగువానిని బట్టి యేర్పడిన యీ పాఠక్రమమును నిందింప బనిలేదు. కాని చరిత్ర దీనికి సరిగా తలక్రిందుగా నున్నది. గుల్బర్గా రాజధానిగా బహమనీ రాజ్యము స్థాపింపబడినది 1347లో. చార్మినారు కట్టబడినది 1591లో. మన మొదటినాటి సాయంకాలమునకు పదునాఱవ, పదునేడవ శతాబ్దుల కట్టడములను జూచి, మూడవనాటికి పదునాలుగవ శతాబ్దికి దిగుచున్నాము. కొడుకును, తండ్రిని, తాతను ఆ వరుసలో జూచినవాడు తాత ముఖమున మనుమని పోలిక యున్నదని చెప్పుట వింత గాదు.

జరిగినదియు నదియే. గోలకొండలో మహమ్మదు కులీ సమాధి యెత్తును జూచి వచ్చిన మా తోడివారు, గుల్బర్గాలో తొలి బహమనీ సుల్తానైన హసను సమాధి ముందు నిలిచి, “ఇంత మోటుగా గట్టినారేమి?” యనిరి. గైడును వారి మాటనే బలపఱచి, “ఇవి అంత ముఖ్యములు గావు” అని బస్సు వైపు నడిపించెను. కావున అర్థక్రమము ననుసరించి యీ మూడు స్థలములను తిరిగి చెప్పుట యీ వ్యాసముద్దేశము. బిజాపురము వేఱొక శాఖ. 1656లో గోలుగుంబజుతో ముగిసిన యా శాఖకు ప్రత్యేకవ్యాసము కావలెను.

హసను బహమను షా 1358లో మరణించెను. ఆయన సమాధి నలుచదరపు గది. గోడలు క్రిందనుండి మీదికి లోపలికి వాలియుండును. పైని లోతు తక్కువైన గుమ్మటము. ఇది యంతయు ఢిల్లీలో తుగ్లకులు గట్టిన పద్ధతి. తుగ్లకుల యధికారమును త్రోసిపుచ్చి స్వతంత్రులైనవారు కట్టడమున మాత్రము వారి భాషనే పలికిరి. మన వ్యాకరణపరిభాషలో జెప్పవలెనన్న ఇది తత్సమము. ప్రకృతికిని దీనికిని విభక్తిమాత్రమే భేదము. మోటుదనమని మా వారు చెప్పినది యీ తత్సమత్వమే.

కోటలోని జామీ మసీదు మాత్రము దేనికిని తత్సమము గాదు. సాధారణముగా జామీ మసీదునకు ముంగిట విశాలమైన ముంగిలియు, నడుమ నీటితొట్టియు నుండును. పశ్చిమపుటంచున మాత్రమే కప్పుగల ప్రార్థనశాల. ఇచట ముంగిలి లేదు. 216 అడుగుల పొడవు, 176 అడుగుల వెడల్పు గల స్థలమంతయు గప్పబడినది. లోపల కంబముల వరుసలపై చిన్నచిన్న గుమ్మటములు, నాలుగు మూలల నాలుగు, మెహరాబు ముందఱ నొక పెద్దది. ప్రక్క నడవలలోని కమానులు మిక్కిలి వెడల్పైనవి, పాదములు పొట్టివి, వానిక్రింద నడచునపుడు కప్పు భుజములపైకి వంగినట్లు తోచును. వెలుతురు మూడువైపుల తెఱపులనుండియే వచ్చుచున్నది. 1367 నాటి శాసనమున దీని నిర్మాతగా కజ్విను వంశజుడైన రఫీ యనువాని పేరున్నది. ఆ సంవత్సరము ఇప్పుడు కనబడు కట్టడమునకంతకు వర్తించునా యని సందేహించిన విద్వాంసులును గలరు.

ఇది స్పెయిను దేశపు కార్డోవా మసీదునకు అనుకరణమని గైడులందఱు జెప్పుదురు. పుస్తకములలోను ఆ మాట కనబడుచున్నది. కార్డోవాలో సన్నని స్తంభములపై రెండంతస్తుల కమానులు గలవు; మొదట కప్పు కొయ్యది; ముందఱ నారింజచెట్ల ముంగిలి యున్నది. గుల్బర్గాలో స్తంభములకు మాఱు లావుపాటి చదరపు కంబములు, కొయ్యకప్పునకు మాఱు గుమ్మటములు, ముంగిలి మృగ్యము. రెండును పెద్దవి, రెండును కమానులు గలవి యను సామాన్యధర్మమును బట్టి కార్యకారణభావమును జెప్పుట, కొమ్ములుండుటచేత గోవును మహిషమును ఒకటియనుట వంటిది. ముంగిలి నెందుకు విడిచిరను ప్రశ్న యింకను నిలిచియే యున్నది.

ఊరికి తూర్పున హఫ్తు గుంబదు, అనగా ఏడు గుమ్మటములని పేరొందిన సమాధులు గలవు. అచట రెండు గదుల జంటసమాధులు కనబడును. 1422లో మరణించిన ఫిరోజు షా సమాధి యట్టిదే. దాని ద్వారపు చూరును మోయు రాతి బోదెలను జూచినవారికి దేవాలయశిల్పుల చేయి వెంటనే తెలియును. లోపలి సున్నపుపని సుకుమారము. హసను మరణించి అఱువది నాలుగేండ్లే యైనది. ఆ కాలములో ఢిల్లీ పలుకుబడి సడలి, ఈ దేశపు పనివారి యుచ్చారణ కట్టడములలో వినబడ నారంభించినది.

ఫిరోజు తమ్ముడు అహమ్మదు షా (1422–1436) రాజధానిని బీదరునకు మార్చెను. ఇచట మఱియొక ప్రవాహము వచ్చి కలసినది. ఇరానునుండి వర్తకులు, పండితులు, సిపాయిలు, పనివారు సముద్రమార్గమున వచ్చి దక్కనులో నిలిచిరి. గీలాను దేశీయుడైన మంత్రి మహమూదు గవాను 1472లో గట్టించిన మదరసా యీ ప్రవాహమునకు సాక్షి. మూడంతస్తులు, నడుమ ముంగిలి, నాలుగు దిక్కుల నాలుగు ఎత్తైన ముఖమండపములు. ముందఱ మిగిలిన యొక్క మీనారుపై నీలము, తెలుపు, పసుపు రంగుల మెఱుగుపెంకులు. దేశ్యము లేశమైనను లేదు. ఇది శుద్ధమైన అన్యదేశ్యము. దీనిని గట్టించిన విద్వత్ప్రియుని 1481లో రాజాజ్ఞచే చంపించిరి. బహమనీ రాజ్యమటుపిమ్మట తేఱుకొనలేదు.

ఊరి వెలుపల అష్టూరులో బహమనీ రాజుల సమాధులు వరుసగా నున్నవి. హుమాయూను షా సమాధి సగము పిడుగుపాటున గూలినది. అతడు క్రూరుడు గనుక దైవము శిక్షించెనని గైడు చెప్పగా అందఱును తలలూపిరి. మహమూదు గవాను మదరసాలో దాచిన మందుగుండు ప్రేలి ముఖభాగము కూలుటకును పిడుగే కారణమని లోకులు చెప్పుచున్నారు గదా. ఆ పిడుగు ఏ పాపమునకు పడినదో? నిజమునకు ఈ సగము కూలిన సమాధియే విద్యార్థికి ఎల్లవానికంటె నుపకారకము. నలుచదరపు గది మూలలయందు కమానులు వేసి అష్టకోణముగా మార్చి, దానిపై వర్తులమైన గుమ్మటమును నిలుపుట యను క్రియ అంతయు అచట కోసి చూపినట్లున్నది. గోడ మందము, ఇటుక వరుసలు, సున్నము పట్టు అన్నియు కంటికి గనబడును. చెక్కు చెదరని గుమ్మటము సిద్ధరూపము, ఇది ప్రక్రియ. మాకు అచట నిచ్చిన సమయము పది నిమిషములు.

అహమ్మదు షా సమాధిలోపలి రంగుల పనినిగూర్చి వ్రాయ బూనుకొన్న నీ వ్యాసము చాలదు. ఆయనను లింగాయతులు సైతము పూజించుటయు, ఆయన ఉరుసు హిందూ పంచాంగము ననుసరించి జరుగుటయు, కలబురిగి ప్రాంతమునుండి జంగమగురువొకరు పరివారముతో వచ్చి దానిలో ముఖ్యస్థానము వహించుటయు మాత్రము చెప్పి విడిచెదను. బీదరు కట్టడములను సవిస్తరముగా నెఱుగగోరువారికి గులాం యజ్దానీగారి 1947 నాటి గ్రంథమే యిప్పటికిని ఆధారము.

ఇక గోలకొండ. మొదటినాడు జూచినది, అర్థక్రమమున చివరిది. హమదాను వంశీయుడైన సుల్తాను కులీ బహమనీల క్రింద తెలంగాణమున కధికారి. 1512లో అతడు స్వతంత్రుడయ్యెనని పాఠశాలపుస్తకములు చెప్పును. మా గైడును చెప్పెను. కాని బాలాహిసారు ద్వారము చెంత అతడు 1518లో గట్టించిన జామీ మసీదు శాసనమున బహమనీ సుల్తాను మహమూదు షా పేరు ప్రభువుగా నున్నది. కులీ అచట కుతుబుల్ముల్కు మాత్రమే. ఆ శాసనము క్రిందనుండియే ప్రతిదినము వందలమంది నడచిపోవుచున్నారు. ఫతే దర్వాజా క్రింద చప్పట్లు చఱచి కొండపైని ప్రతిధ్వని వినుటకు మా బృందము ముప్పావుగంట వెచ్చించినది. చప్పట్లకు మాఱుపలికిన రాయి చప్పట్లనే పలుకును. శాసనము తన మాట తాను చెప్పును.

సుల్తాను కులీ తన సమాధిని తానే కట్టించుకొనెను. 1543లో అందు నిక్షిప్తుడయ్యెను. అది బీదరు సమాధుల చెల్లెలు: చిన్నది, నిరాడంబరము. అచటనుండి వరుసగా నడువవలెను. జంషీదు సమాధి అష్టకోణము, రెండంతస్తులు. ఇబ్రాహీము (1550–1580) సమాధి దక్షిణముఖమున నేటికిని మెఱుగుపెంకుల ఛాయలు మిగిలియున్నవి. అది బీదరు జ్ఞాపకము. మహమ్మదు కులీ (1580–1612) సమాధికి వచ్చునప్పటికి ఎత్తు నూఱడుగులు మీఱినది. పెంకులకు బదులు సున్నపుపని ప్రధానమైనది. గుమ్మటము కంఠమున సన్నగిల్లి, పద్మదళముల నడుమనుండి మొగ్గవలె పైకి లేచుచున్నది. గుల్బర్గాలో గోడపై బోర్లించిన గిన్నె వంటిది ఇచట పూవైనది. తత్సమముగా వచ్చినది తద్భవమైనది. మొదట గోలకొండను జూచినవారికి ఈ పరిణామము కనబడదు. పూవు ఎక్కడనుండియో దిగుమతియై వచ్చినదనియే తోచును. 2013 మొదలు ఆగాఖాన్ సంస్థవారు ఈ సమాధులకు జేసిన మరామతు వలన పూర్వపు సున్నపుపని చాలచోట్ల తిరిగి స్పష్టమైనది. గావున ఇప్పుడు చూచుట సుఖము.

తెలుగు పండితుడు ఇబ్రాహీము సమాధి ముందు నిలువక పోరాదు. ఇతడే మన కవుల మల్కిభరాముడు. అన్న జంషీదునకు వెఱచి 1543 నుండి ఏడేండ్లు విజయనగరమున రామరాయల యాశ్రయమున నుండెను. 1565లో ఆ రామరాయలపైకే ఇతర సుల్తానులతో గూడి నడచెను. ఈ రెండింటిలో ఒకదానిని మఱుగుపఱచి రెండవదానిని జెప్పువారు రెండు పక్షములందును గలరు. చరిత్రకు రెండును గావలెను. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఈతనికే యంకిత మిచ్చెను. ఆ పేరు మాఱిన తీరే యొక చిన్న పాఠము. మలిక్ ఇబ్రాహీము అను దానిలో హకారము ముందునకు జరిగి బకారముతో గలిసి భకారమైనది. సంయుక్తాక్షరము నడుమ స్వరభక్తి చొచ్చినది. తుదకు రాముడు మిగిలినాడు. పారసీకపు గుంబదు మన నోట గుమ్మటమైనదియు నిట్లే. మాటకు జరిగిన పనియే కట్టడమునకును జరిగినది. చేసినవారును ఈ నేలవారే.

ఆ యిబ్రాహీము కొలువులోని అమీను ఖానునకు పొన్నెగంటి తెలగనార్యుడు యయాతిచరిత్ర నంకిత మిచ్చెను. అచ్చతెనుగు కావ్యములలో నదియే మొదటిది. అమీను ఖాను నివాసము పొట్లచెఱువు, అనగా నేటి పటాన్‌చెఱువు. ఆయన సమాధియు నచటనే యున్నది. హైదరాబాదునుండి బీదరునకు బోవు ప్రతి బస్సును ఆ యూరిమీదుగానే పోవును. రెండవనాటి యుదయమున మా బస్సును పోయినది. ఆగుటకు వీలగునా యని నేనడుగగా, “పట్టికలో లేదు” అని యుత్తరము వచ్చినది. బృందమున నలుగురు తెలుగు అధ్యాపకులుంటిమి. మనము పాఠము చెప్పు కావ్యపు కృతిభర్త సమాధి యీ యూరనే యున్నదని తక్కిన ముగ్గురకు తెలియదు.

పాఠశాలల పండితులు విద్యార్థులను వెంటబెట్టుకొని పోదలచినచో అర్థక్రమము నేడు దుష్కరము గాదు. హైదరాబాదునుండి వాడి మీదుగా రైలు కలబురిగికి పోవుచున్నది. కలబురిగినుండి బీదరునకు 2017లో రైలుమార్గము తెఱవబడినది. బీదరునుండి జహీరాబాదు దారిని రోడ్డున తిరిగి వచ్చినచో, గోలకొండకు జేరుటకు ముందు పటాన్‌చెఱువు తగులును. అచట ఒక గంట నిలువవలెను. యయాతిచరిత్ర ప్రతి యొకటి చేత నుండవలెను.