‘డార్క్ షాడోస్’: దుర్బలోపాఖ్యాన వివాదము

ఒక సుదీర్ఘ రచనలో ఫలానా భాగము దుర్బలమని ఎవరైన తీర్పు చెప్పినపుడు, మన శాఖలో ప్రతులను పరిష్కరించుట నేర్చిన విద్యార్థి మొట్టమొదట అడుగు ప్రశ్న యొకటి కలదు. ఆ తీర్పు చెప్పినవాడు చూచిన ప్రతి యెట్టిది? ఆది లేనిదా, నడుమ పత్రములు పోయినదా, సమగ్రమా? తాళపత్ర గ్రంథముల విషయమున మనకు సహజమైన యీ ప్రశ్నను అమెరికా దేశపు టెలివిజన్ ధారావాహిక యొకదాని విషయమున అడిగినచో ఏమి తేలునో చూపుట యీ వ్యాసమున మా యుద్దేశము. ఈ విషయము విశ్వవిద్యాలయ పత్రికకు తగినదా యని కొందఱు సందేహింపవచ్చును. వేయికి మించిన భాగములుగా సాగిన కథను దాని ప్రేక్షకులే అర్ధశతాబ్దికి పైగా చీల్చి చెండాడుచు, అంతకంటె ఎక్కువగా ప్రేమించుచు వచ్చిన వృత్తాంతము ఉపేక్షింపదగినది కాదని మాత్రము చెప్పి ముందునకు సాగెదము.

‘డార్క్ షాడోస్’ ఎ.బి.సి. సంస్థ పక్షమున 1966 జూన్ 27వ తేదీన ప్రారంభమై 1971 ఏప్రిల్ 2వ తేదీతో ముగిసినది. వారమునకు ఐదు దినములు, దినమునకు అరగంట. నిర్మించిన భాగములు 1,225. కాని చివరి భాగమునకు వేసిన సంఖ్య 1,245. ఇతర కార్యక్రమములవలన ప్రసారము నిలిచిన దినములలో సంఖ్యలను దాటవేయుటయే యీ తేడాకు కారణము. మధ్యాహ్న ప్రసారములను మొదట సబ్బుల వర్తకులు పోషించుటచే అట్టి కథలకు ‘సోప్ ఆపెరా’ యను పేరు వచ్చినది. కాపురములు, కలహములు, ఆస్పత్రులు వాని సామాన్య వస్తువులు. డాన్ కర్టిస్ రూపొందించిన యీ కథ అట్లుగాక, మెయిన్ రాష్ట్రమున కాలిన్స్‌పోర్ట్ అను కల్పిత గ్రామములో, కాలిన్‌వుడ్ అను పాత మేడలో జరుగును. విక్టోరియా వింటర్స్ అను అనాథ యువతి తన జన్మరహస్యము తెలియగలదను ఆశతో, ఆ యింటి బాలునకు చదువు చెప్పుటకై రైలులో వచ్చుట దీని ప్రారంభము. దయ్యములు, మంత్రగత్తె, రక్తపిశాచము, తోడేలుగా మాఱు మనుష్యుడు క్రమముగా ప్రవేశించినారు. బడి విడిచిన పిల్లలు ఈ కథకై ఇండ్లకు పరుగెత్తుట ఆనాటివారు నేటికిని చెప్పుకొను ముచ్చట.

ప్రసారము ముగిసిన పిమ్మట అభిమానులు చెదరిపోలేదు. 1975లో ‘ది వరల్డ్ ఆఫ్ డార్క్ షాడోస్’ అను అభిమాన పత్రిక వెలువడినది. 1983 నుండి వార్షికోత్సవములు జరిగినవి. ఇట్టి తావులలో ఎడతెగక సాగిన చర్చ ఒకటే: ఇందులో ఏ యుపాఖ్యానము అధమము? ముద్దాయిలు నలుగురైదుగురు మాత్రమే. ప్రతి తరమున వారే మరల బోనెక్కుచుందురు. 1966 నాటి కలము కథ, 1968 నాటి స్వప్నశాపము, ఆ సంవత్సరమే వచ్చిన ఆడమ్, ఈవ్‌ల కథ, 1969–70 నాటి లెవయతన్‌ల కథ, 1971 నాటి కడపటి కథ. 1795వ సంవత్సరమునకును, 1897వ సంవత్సరమునకును కథ వెనుకకు మఱలిన భాగములను మెచ్చుకొనువారే యెక్కువ గనుక వాని ప్రసక్తి యిచట అవసరము లేదు.

ముందుగా కలము సంగతి. బిల్ మల్లాయ్ అను నతని మరణమునకు సంబంధించిన సాక్ష్యముగా బర్క్ డెవ్లిన్ యొక్క వెండి నగిషీ గల కలమొకటి కథలో ప్రవేశించును. అది పోవుట, విక్టోరియాకు సముద్రతీరమున దొరకుట, రోజర్ కాలిన్స్ దానిని అపహరించి పాతిపెట్టుట, దానిని గూర్చి అందఱును మాటలాడుట, మాటలాడినదానిని గూర్చి మరల మాటలాడుట, ఈ విధముగ వారములు గడచును. అభిమానుల పరిహాసమునకు ఇంతకంటె అనువైన వస్తువు లేదు. ఆ కలముతో ఎవరును ఒక యక్షరమైన వ్రాయరు.

ఇచటనే మా ప్రశ్న పనికివచ్చును. బర్నబాస్ కాలిన్స్ అను రక్తపిశాచము శవపేటికనుండి చేయి చాచుట 210వ భాగము చివర, 1967 ఏప్రిల్ 17వ తేదీన. జోనథన్ ఫ్రిడ్ ధరించిన ఆ పాత్రము కొలదికాలమునకై తేబడి, ధారావాహికకే పర్యాయపదమైనది. 1975లో పునఃప్రసారము లారంభమైనపుడు అవి మొదటినుండి గాక బర్నబాస్ ఆగమనముతో మొదలిడినవి. 1989 నుండి వచ్చిన వీడియో క్యాసెట్లును 210వ భాగముతోనే మొదలైనవి; 2002లో డి.వి.డి.లు వచ్చినపుడును అట్లే. మొదటి 209 భాగములు డి.వి.డి.లుగా వచ్చుటకు 2007వ సంవత్సరము వఱకు వేచియుండవలసివచ్చినది. 1990 దశకమున ఒక కేబుల్ ఛానలు వానిని ప్రసారము చేసినను, అది అందఱకును అందినది కాదు.

కావున దాదాపు ఇరువదియేండ్ల కాలము, మొదటి సంవత్సరము నీరసమని వ్రాసినవారిలో అనేకులు దానిని చూడనివారు, లేదా బాల్యమున చూచి మఱచినవారు. పిశాచము వచ్చువఱకు కథ చచ్చి పడియుండెనను వాక్యము ఒకరినుండి యొకరికి సంక్రమించిన ఐతిహ్యమే గాని పరిశీలనఫలము కాదు. మేము ఆ భాగములను వరుసగా చూచితిమి. జోసెట్ యొక్క ప్రేతము చిత్రపటమునుండి దిగివచ్చుట 1966లోనే జరిగినది. ఆ యేడు డిసెంబరు మొదలు మఱుసటి మార్చి వఱకు సాగిన లారా కాలిన్స్ కథ, అనగా తన కుమారునితోగూడ అగ్నిలో దహించుకొని మరల జన్మింపగోరు తల్లి కథ, పూర్తిగా అలౌకికమైనది. బర్నబాస్ శూన్యమున అవతరింపలేదు. దారి అప్పటికే వేయబడియున్నది. కలము కథ దీర్ఘమనుట నిజమే. కాని ఎలిజబెత్ పాత్రమున జోన్ బెనెట్, రోజర్ పాత్రమున లూయీ ఎడ్మండ్స్ చూపిన నిదానమైన నటన ఆ దైర్ఘ్యమువలననే సాధ్యమైనదని మా యభిప్రాయము. తరువాతి సంవత్సరములలో రచయితలకు అంత తీరిక లేదు.

స్వప్నశాపము విషయము వేఱు. దీనిని చూడనివాడు లేడు. చూచి పొగడినవాడును అరుదు. 1968 వసంతమున ఆంజెలిక్ అను మంత్రగత్తె ఒక కలను శాపముగా విడుచును. కల కన్నవారు తలుపు తట్టిన చప్పుడు విని తెఱతురు. ఎదుట నొక పరిచితుడు నిలిచి చేసన్న చేయును. అతనివెంట నొక గదిలోనికి పోయి, వరుసగా తలుపులు తెఱచి, ఒక్కొక్కదాని వెనుక ఒక్కొక్క భయంకర దృశ్యము చూతురు. మేల్కాంచిన పిమ్మట ఆ కలను, అందు కనబడిన పరిచితునకే చెప్పువఱకు మనశ్శాంతి లేదు. చెప్పగనే వాడు ఆ కల కనును. మ్యాగీ ఇవాన్స్‌తో మొదలై, డాక్టరు జూలియా, వంటయింటి జాన్సన్ అమ్మ, బాలుడు డేవిడ్ మున్నగువారి మీదుగ అది బర్నబాస్‌ను చేరవలెను. చేరిన దినమున అతడు మరల రక్తపిశాచము కావలెను. ప్రతి స్వప్నమును దాదాపు ఆద్యంతము ప్రదర్శింపబడినది. తలుపుల సంఖ్య పెరుగుచుండును.

దీనికితోడు ఆ కాలముననే వచ్చిన ధ్వనిముద్రణ వృత్తాంతమొకటి కలదు. డాక్టరు లాంగ్ చనిపోవుచు, తాను సృజించిన ఆడమ్ జీవించియున్నంత వఱకు బర్నబాస్‌కు పిశాచత్వము రాదని టేపుమీద చెప్పి విడుచును. ప్రేక్షకులు దానిని పలుమార్లు వినిరి. వినవలసిన జూలియా మాత్రము చిరకాలము వినదు. అనగా శాపము ఫలింపదని ముందే తెలిసిన ప్రేక్షకుడు, అది యొక్కొక్కరిని దాటుచు వచ్చుటను వారముల తరబడి చూడవలెను. శాపమునకు గమ్యము లేదని తెలిసినపుడు ఉత్కంఠ యెచటినుండి వచ్చును?

అయినను ఈ యుపాఖ్యానమును సమర్థించువారి వాదమునందు మాకు సత్యము కనబడినది. ఆనాడు ప్రతిభాగమును ఒక్కసారి మాత్రమే ప్రసారమయ్యెడిది. సామాన్య ప్రేక్షకునకు దానిని ముద్రించుకొను సాధనము లేదు. జ్వరము వచ్చిన పిల్లవానికి, తల్లి బజారుకు తీసికొనిపోయిన పిల్లవానికి ఆ నాటి కథ శాశ్వతముగ పోయినట్లే. ఇందుచేతనే ప్రతి దినమును ముందునాటి కడపటి సన్నివేశమును మరల నటించి కథ ప్రారంభించెడివారు. పునరుక్తి ఇచట దోషము కాదు, సదుపాయము. హరికథలో దాసుగారు కథను ఆపి జరిగినదానిని జ్ఞాపకము చేయుటను మనము తప్పుపట్టము గదా! అప్పుడప్పుడు వచ్చు స్వప్నము చూచిన బాలునకు, ఈసారి తలుపు వెనుక నిలుచువా రెవ్వరను ప్రశ్న సహజమైనదే. అదే కథను క్యాసెట్లుగ తెచ్చుకొని రాత్రికి ఐదాఱు భాగములు చూచువానికి అది శిక్ష. రచన మాఱలేదు, చూచు విధము మాఱినది. ఈ భేదమును గుర్తింపని విమర్శ, పురాణకాలక్షేపమును అచ్చుపుస్తకపు కొలతతో కొలుచుటవంటిది.

అంతమాత్రముచేత స్వప్నశాపము ఉత్తమ రచన యని మేము చెప్పము. అందులో మేము మెచ్చునది ప్రొఫెసర్ స్టోక్స్ స్వప్నము. అతడు శాపస్వరూప మెఱిగి, కలలోనే దానిని ఎదిరింపజూచును. నియమము తప్పుటచే ఆంజెలిక్ స్వయముగ రావలసివచ్చును. యాంత్రికమైన వరుసకు అది యొక విఘాతము. ఇట్టి విఘాతములు మఱి రెండుమూడున్నచో నేటి నింద సగమునకు తగ్గియుండెడిది.

లెవయతన్‌ల కథకు మాత్రము వీక్షణవిధానము వలన క్షమాపణ దొరకదు. 1969లో ధారావాహిక ప్రజాదరణ పతాకస్థాయి నందినది. ఆ యేడు నవంబరులో 1897 నాటి కథ ముగించి తిరిగివచ్చు బర్నబాస్, లెవయతన్‌లను ఒక ప్రాచీన జాతికి వశుడై, మర్మమైన యొక పెట్టెను తెచ్చును. పాతసామానుల యంగడి నడుపు దంపతుల యింట దానినుండి పుట్టిన శిశువు వారముల వ్యవధిలో బాలుడై, జెబ్ హాక్స్ అను యువకుడగును. హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్ కథల ఛాయ ఇందు సువ్యక్తము. జెబ్ యొక్క నిజరూపము మహాభయంకరమని అందఱును చెప్పుదురు, ఎవ్వరును చూపరు. తలుపు చాటున బుసకొట్టు ఊపిరి మాత్రము వినబడును. వ్యయము లేక చూపలేదనుట స్పష్టమే. కాని మా దృష్టిలో ముఖ్యదోషము అది కాదు. మూడేండ్లుగ ప్రేక్షకుడు జాలిపడుచు, భయపడుచు, తనవానిగా చేసికొనిన బర్నబాస్, కారణము తెలియకయే పరుల యాజ్ఞకు లోబడి, స్నేహితులతో కపటముగ మెలగుట క్షమింపరాని మార్పు. రచయితలును దీనిని గ్రహించిరనుటకు కథయే సాక్ష్యము: జోసెట్‌కు కీడు చేయుదుమని బెదరించి అతనిని లోబఱచిరను సమాధానము నడుమ వచ్చి చేరినది. పూర్వము లేని హేతువును తరువాత అతికించుట అతుకు కనబడునట్లే జరిగినది. మార్చి 1970 నాటికి కథ త్వరగా కట్టివేయబడినది.

ప్రజాదరణ క్షీణతకు ఈ యుపాఖ్యానమే కారణమను మాట అభిమానులలో సిద్ధాంతమువలె చెల్లుచున్నది. ఇందును తొందర కలదు. 1970లోనే ‘హౌస్ ఆఫ్ డార్క్ షాడోస్’ చలనచిత్రము వచ్చినది. అందలి రక్తపాతము చూచి తల్లిదండ్రులు పిల్లలను టెలివిజన్ కథకును దూరము చేసిరను వాదము వేఱుగా నున్నది. ఆ చిత్రమున నటించుటకై ఫ్రిడ్ పోవుటచే సమాంతరకాల కథలో బర్నబాస్‌ను శవపేటికలో సంకెళ్లతో బంధించిరి. బంధించినవాడు ఆ కథలో ఒక గ్రంథకర్త. బర్నబాస్ చరిత్రను పుస్తకముగ వ్రాయుటకై ఆ పని చేయును. రచయితలు తమ్ముతామే పరిహసించుకొనిరేమో యని మాకు తోచినది. ఒక్క కథ యెట్లు సాగినదను దానిని బట్టి జనము తగ్గుటకు కారణము నిర్ణయించుట చరిత్రరచన కాదు.

కడపటి కథ 1841 నాటి సమాంతరకాలమున జరుగును. ఫ్రిడ్ అందు బర్నబాస్ కాడు, బ్రామ్‌వెల్ అను వేఱొక పాత్రము. ఐదేండ్లు పరిచయమైన వారి కథ అట్లే నిలిచిపోయి, మనకు క్రొత్తవారైన వారి ప్రేమకథతో గ్రంథము సమాప్తమగును. అనంతర వృత్తాంతమును థేయర్ డేవిడ్ కంఠము కొలది వాక్యములలో చెప్పి ముగించును. విక్టోరియా తల్లి ఎవరో తెలియలేదు. ఆ పాత్రను ధరించిన అలెగ్జాండ్రా మోల్ట్‌కే 1968లోనే వెడలిపోయిరి. మొదటి దినమున రైలులో అడిగిన ప్రశ్నకు 1,225 భాగములలో ఉత్తరము రాలేదు. రచయితలలో నొకరైన శామ్ హాల్, ప్రసారము ముగిసిన పిమ్మట 1971లోనే ‘టి.వి. గైడ్’ వారపత్రికలో, బర్నబాస్ మున్నగువారికి తరువాత ఏమి జరిగినదో తన యూహ ప్రకారము వ్రాసినాడు. దానిని మూలగ్రంథమున భాగముగ అంగీకరింపవచ్చునా, కర్తయే చేసిన ప్రక్షేపముగ ఎంచవలెనా యనుట మన విద్యార్థులకు పరిచితమైన సమస్య. ప్రసారము కానిది పాఠము కాదని మా పక్షము.

ఆనాటి మధ్యాహ్న ధారావాహికలలో పెక్కింటి టేపులను మరల వాడుకొనుటకై చెఱపివేసిరి. ‘డార్క్ షాడోస్’ దాదాపు సమగ్రముగ మిగులుట అదృష్టవిశేషము. కొన్ని భాగములు మాత్రము రంగులు పోయి నలుపు తెలుపు ప్రతులుగనే యున్నవి. ఒక్క 1219వ భాగమునకు చిత్రము లేదు, ధ్వని మాత్రమే దొరకినది. నిశ్చలచిత్రములు చేర్చి దానిని పునర్నిర్మించిరి. అది 1841 నాటి కథలోనిది. ఆ కథను అధమమనువారును, దానిని వెనుకవేసికొని వచ్చువారును, ఆ యొక్క దినపు కథను కన్నులార చూడలేక చెవులతోనే విని తీర్పు చెప్పవలసియున్నది.